డిమెన్షియా ఉన్న ఇంటి పెద్దవాళ్ళకి ఇష్టమైన పనులు ఎలా ఎంచుకోవాలి

"పొద్దున టిఫిన్ అయిన దగ్గర్నుంచి రాత్రి దాకా అట్లా సోఫాలో కూర్చునే ఉంటారండీ, ఏదైనా చేయిద్దామంటే ఏం చేయించాలో తెలీదు." డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన మెల్లమెల్లగా తగ్గిపోయే జబ్బు) ఉన్న ఇళ్ళల్లో ఎవర్ని కదిలించినా ముందు వచ్చే మాట ఇదే. ఇంతలో ఎవరో ఒకరు సలహా ఇచ్చేస్తారు, సుడోకు చేయించండి, పజిల్స్ కొనండి, మెదడుకి ఎక్సర్‌సైజ్ అని. పుట్టి బుద్ధెరిగాక సుడోకు ముట్టని మనిషికి ఎనభై ఏళ్ళకి అది చేతిలో పెడితే ఏమవుతుంది, ఇంకో పరీక్ష, అందులో ఇంకోసారి తప్పడం, అంతే కదా. నా లెక్క ఏంటంటే వాళ్ళ చేతులు యాభై అరవై ఏళ్ళు ఏ పని చేశాయో ఆ పనిలోంచే ఒక చిన్న ముక్క తీసి ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు కూడా "మీకు టైమ్‌పాస్" అన్నట్టు కాకుండా మనకి సాయం కావాల్సొచ్చి అడిగినట్టు అడగాలి. ముందు మా బాబాయిని, ఇప్పుడు మా అత్తమ్మని చూసుకుంటూ తెలుసుకున్నవీ, న్యూరాలజీ ఓపీ బయట బెంచీల మీద కూర్చుని మిగతావాళ్ళతో మాట్లాడి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నా.

ఒక్క మాట ముందే చెప్పేస్తా, అలా ఊరికే కూర్చోవడం బద్ధకం కాదు, మొండితనం అంతకంటే కాదు. పని ఎక్కడ మొదలుపెట్టాలి, దాని తర్వాత ఏంటి అని వరస పెట్టుకునే మెదడు భాగం ఈ జబ్బులో దెబ్బతింటుంది, అందుకే చేయగలిగిన పని ఎదురుగా ఉన్నా మొదలుపెట్టలేరు. మొదలు మీరు పెడితే చాలాసార్లు మిగతాది వాళ్ళ చేతులే చూసుకుంటాయి.

1. ముందు వాళ్ళ కథ రాసుకోండి

ఒక నోట్‌బుక్ తీసుకోండి. "మీ హాబీలు ఏంటి" లాంటి ప్రశ్నలు మన పెద్దవాళ్ళ దగ్గర పనికిరావు, మా అత్తమ్మ తరం ఆడవాళ్ళని హాబీ అడిగితే నవ్వుతారు. ఎన్నింటికి లేచేవాళ్ళు, లేవగానే ఏం చేసేవాళ్ళు, వాకిలి ఊడ్చి ముగ్గు వేసేవాళ్ళా, ఏ బస్తీలో పెరిగారు, ఏ ఉద్యోగం, ఏ షిఫ్ట్, పండక్కి ఏం వండేవాళ్ళు, ఎవరితో పేకాడేవాళ్ళు, ఏ పాట వస్తే చేస్తున్న పని ఆపి వినేవాళ్ళు, ఇలాంటివి రాయండి. మీకు తెలియకపోతే వాళ్ళ చెల్లెలికో, పాత ఇంటి పక్కవాళ్ళకో ఫోన్ చేయండి, ఒక అరగంట మాట్లాడితే మీకు తెలియని మనిషి ఒకరు బయటికొస్తారు. ముఖ్యంగా వాళ్ళ పదిహేనో ఏట నుంచి ముప్ఫై దాకా ఏం జరిగిందో ఎక్కువ అడగండి. డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం అల్జైమర్స్, అందులో నిన్నామొన్నటివి ముందు పోతాయి, ఆ వయసు జ్ఞాపకాలు చాలాకాలం నిలబడతాయి, చేతికి అలవాటైన పనులైతే మాట తడబడటం మొదలయ్యాక కూడా ఉంటాయి.

హైదరాబాద్ వాళ్ళకి ఇంకో సంగతుంది, భాష. నిజాం కాలంలో ఇక్కడ ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైందే ఉర్దూ మీడియంలో, స్కూళ్ళల్లోనూ అదే నడిచేది, కాబట్టి బాగా పెద్ద వయసువాళ్ళల్లో ఉర్దూలో అక్షరాలు దిద్దినవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ తాతయ్య తెలుగులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉర్దూలోకి జారిపోతే ఆపకండి, ఆ భాషలో జోక్ వేసే పాత దోస్తు ఎవరైనా ఉంటే వారానికోసారి ఫోన్ కలపండి, అదే పెద్ద యాక్టివిటీ. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రిలో చూపించుకున్న 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలతో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి టీమ్ 2013లో ఒక స్టడీ ఇచ్చింది, ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు లేటుగా మొదలైందని. మన ఊళ్ళో జరిగిన స్టడీ ఇది. ఇప్పుడు జబ్బు వచ్చాక కొత్త భాష నేర్పించమని దీనర్థం కాదు, ఉన్న భాషలన్నీ నోట్లో ఆడనివ్వండి అంటున్నా.

2. శరీరం సంగతి చూడండి, టైమ్ చూడండి

కళ్ళజోడు తుడిచి ఉందా, శుక్లాలు ఉన్నాయా, చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందా, మోకాళ్ళు నేల మీద కూర్చోనిస్తాయా, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చారా. "ఇంట్రెస్ట్ చూపించట్లేదు" అని మనం అనుకునేదాంట్లో చాలామటుకు సరిగ్గా కనపడకో వినపడకో ఊరుకోవడమే. ఏ టైమ్‌లో మనిషి బాగుంటారో ఒక వారం గమనించి రాసుకోండి, చాలామందికి పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య బాగుంటుంది, సాయంత్రం పొద్దుగూకే వేళకి అలజడి ఎక్కువవుతుంది, "ఇంటికి పోతా" అనడం అప్పుడే మొదలవుతుంది. ఆ టైమ్‌కి కొత్త పనులు పెట్టకండి, చీకటి పడకముందే లైట్లు వేసేసి తెలిసిన పనే, చేతికి తేలికైన పనే ఇవ్వండి. లూయీ బాడీ రకం డిమెన్షియాలో ఒక గంట బాగుండి ఇంకో గంటకి అసలు పలకకపోవడం మామూలే, నిన్న చేసింది ఇవాళ చేయకపోతే పంతం అనుకోకండి. కానీ ఉన్నట్టుండి రెండుమూడు రోజుల్లో మనిషి బాగా మారిపోతే, అది యూరిన్ ఇన్ఫెక్షనో ఇంకోటో అయి ఉండొచ్చు, యాక్టివిటీలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

3. పని ఎంచుకోవడం

నేను చూసుకునేవి నాలుగు. చేతికి పాత పనై ఉండాలి. తప్పు చేసినా నష్టం ఉండకూడదు. మధ్యలో ఎక్కడ ఆపేసినా ఫర్వాలేదనిపించాలి. ఇంకా, ఇంట్లో నిజంగా పనికొచ్చేదై ఉంటే మరీ మంచిది, ఎందుకంటే ఉత్తుత్తి పని ఇచ్చారని వాళ్ళకి తెలిసిపోతుంది, తెలివి తగ్గింది గానీ అవమానం తెలియడం తగ్గలేదు.

ఈ నాలుగూ కలిసి దొరికే చోటు మన వంటిల్లే. పుంటికూర ఆకు తెంపడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, పచ్చిబఠాణీ ఒలవడం, ఎల్లిగడ్డ పొట్టు తీయడం, చాటలో బియ్యం ఏరడం, చింతపండు గింజ తీయడం, చపాతీ పిండి ఉండలు చేయడం. వంటిల్లు ఇష్టం లేనివాళ్ళకి దూదితో ఒత్తులు చేయడం, పూలు కట్టడం, ఉతికిన తువ్వాళ్ళు మడతపెట్టడం. మా అత్తమ్మకి పుంటికూర. కట్ట విప్పి పేపర్ మీద పరుస్తా, పక్కన ఎర్ర ప్లాస్టిక్ గిన్నె పెడతా, "అత్తమ్మా, జర ఈ ఆకు తెంపిపెట్టవా, వంటకు లేటైతున్నది" అని ఒక్క ముక్క అని, ముందు నేనే రెండు కాడలు తీసుకుని ఆకు తెంపి గిన్నెలో వేస్తా. ఒక నిమిషం చూస్తుంది. తర్వాత బొటనవేలి గోరుతో ఆకు మొదట్లో నొక్కి టక్కున తెంపుతుంది, పుచ్చు ఆకైతే చూడకుండానే పక్కన పడేస్తుంది, నా పేరు మర్చిపోయిన మనిషికి పుచ్చు ఆకు మాత్రం ఇట్టే దొరికిపోతుంది. కొన్నిసార్లు కాడలు గిన్నెలోకీ ఆకులు నేల మీదకీ వెళ్తాయి, వెళ్ళనివ్వండి, తర్వాత వంటగదిలో సర్దుకోవచ్చు, వాళ్ళ ముందు మాత్రం ఏరకండి. వంటయ్యాక "ఇది నువ్వు తెంపిన కూరే" అని ప్లేట్లో వేస్తూ చెప్పండి, ఆ మాటకి ముఖం ఎలా అవుతుందో మీరే చూస్తారు.

మగవాళ్ళ దగ్గరే కష్టం, మన ఇళ్ళల్లో వాళ్ళకి వంటిల్లు అలవాటు లేదు, రిటైరయ్యాక ఏ పనీ లేకుండా పోయింది. వాళ్ళ ఉద్యోగంలోకి వెళ్ళి వెతకండి. మా బాబాయి ఆర్టీసీ కండక్టర్‌గా చేశాడు. పది, ఇరవై రూపాయల నోట్లు ఒక కట్ట, ఒక పాత రసీదు పుస్తకం ఇస్తే నోటుని పొడుగ్గా మడిచి వేళ్ళ సందుల్లో పెట్టుకునేవాడు, ఇరవైవి ఒక సందులో, పదివి ఒక సందులో, కూర్చున్న కుర్చీలోంచే "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అనేవాడు, ఇంట్లో పిల్లలు టికెట్ అడిగితే ఎక్కడికి అని గట్టిగా అడిగి మరీ చింపి ఇచ్చేవాడు. లెక్క తప్పేది, ఎవరూ దిద్దలేదు. టీచర్‌గా చేసినవాళ్ళకి ఎర్ర పెన్ను, కాపీరైటింగ్ పుస్తకాలు ఇవ్వండి. షాపు నడిపినవాళ్ళకి పొట్లాలు కట్టే పేపర్, దారం. మెకానిక్ అయితే పెద్ద సైజు నట్లు బోల్టులు విడదీసి బిగించడం. ఆఫీసులో ఫైళ్ళు చూసినవాళ్ళకి పాత కరెంట్ బిల్లులు తేదీల ప్రకారం సర్దమని ఇవ్వండి, సర్దాక రేపు మళ్ళీ కలిపేసి ఇవ్వొచ్చు, ఇందులో మోసం ఏమీ లేదు. వ్యవసాయం చేసి సిటీకి వచ్చేసినవాళ్ళకి బాల్కనీలో నాలుగు కుండీలు, మెంతులు చల్లితే రెండుమూడు రోజుల్లోనే మొలకలు కనపడతాయి, గులాబీ కోసం నెలలు ఆగమంటే వాళ్ళకి అది లెక్కలో ఉండదు.

ఆటలు కూడా పాతవే తీయండి. పచ్చీసు, అష్టాచెమ్మా, వైకుంఠపాళి, వామనగుంటలు. రూల్స్ కలగాపులగం అవుతాయి, గవ్వలు వేయడం, చప్పుడు, "పడింది పడింది" అని అరవడం, అదే ఆట. గురివింద గింజలతో మాత్రం ఆడించొద్దు, నమిలితే అవి విషం. గవ్వలు కూడా పెద్దవి వాడండి.

4. ఇచ్చే పద్ధతి

టీవీ ఆపండి. బల్ల మీద ఆ పనికి కావాల్సినవి తప్ప ఏమీ ఉంచకండి. స్టీలు పళ్ళెంలో తెల్లటి ఎల్లిగడ్డ పెడితే మెరుపుకి కనపడదు, ముదురు రంగు ప్లేట్ పెట్టండి. ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, వాళ్ళ కళ్ళ ఎత్తులో కూర్చోండి.

ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. "ఇవి ఒలిచి, తొక్కలు దాంట్లో వేసి, గింజలు కడిగి పెట్టు" అంటే మూడు పనులు, మూడూ పోతాయి. చేసి చూపించండి, వాళ్ళ చేతికి ఒకటి అందించండి, ఆగండి. ఆగడమే కష్టం మనకి, పది పదిహేను సెకన్లు ఏమీ జరగకపోతే వెంటనే లాక్కుని మనమే చేసేస్తాం. ఏది చేస్తావు అని వదిలేయకుండా రెండు చూపించి ఇదా అదా అని అడగండి. ఇంకా, "గుర్తుందా?" అనే మాట ఇంట్లో నిషేధించండి. ఫోటో ఆల్బమ్ తీసి "ఇదెవరు చెప్పు, ఇదెవరు చెప్పు" అని అడగడం ఆనందం కాదు, వైవా. దాని బదులు "ఈ చీర భలే ఉంది, కాటన్‌లా ఉందే" అని మీరే ఏదో ఒకటి అనేసి వదిలేయండి, వస్తే మాట వస్తుంది, తప్పు పేరు వచ్చినా ఊఁ కొట్టండి.

పది నుంచి ఇరవై నిమిషాలు చాలు. చూపు పక్కకి వెళ్ళడం, వస్తువుని పదేపదే అటూ ఇటూ తిప్పడం, కొంగు లాగడం, గొణగడం, కుర్చీలోంచి లేవబోవడం, ఇవి కనపడితే "చాలు చాలు, పెద్ద పనైపోయింది, చాయ్ తాగుదాం" అని మీరే ముగించండి. చిరాకు పడేదాకా లాగితే రేపు ఆ గిన్నె చూస్తేనే వద్దంటారు.

5. పాట, పూజ

ఏ పనీ కుదరని రోజు పాట కుదురుతుంది. వాళ్ళు యవ్వనంలో ఉన్నప్పటి పాటలు ఒక లిస్టుగా ఫోన్‌లో పెట్టుకోండి, ఒకసారికి ఒకటే, మధ్యలో యాడ్స్ రాకుండా డౌన్‌లోడ్ చేసి పెట్టండి, యాడ్ గట్టిగా మోగగానే ఉలిక్కిపడతారు. మనవడి పేరు నోటికి రాని మనిషి శ్లోకం అందుకుంటే చివరిదాకా వెళ్ళడం చాలా ఇళ్ళల్లో చూసిందే, కాబట్టి పొద్దున దీపం దగ్గర కూర్చోబెట్టి మీరు మొదటి పాదం అనండి చాలు. అగ్గిపెట్టె మాత్రం మీ చేతిలోనే. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు, బంతి తెచ్చి పళ్ళెం ముందు పెడితే పేర్చడం రాకపోయినా పువ్వులు అందిస్తారు, పాట మొదలైతే చప్పట్లు వాటంతటవే పడతాయి, సాయంత్రం గుంపులోకి, డీజే సౌండ్ దగ్గరికి తీసుకెళ్ళడం మాత్రం నేను వద్దంటా. టీవీ సీరియల్స్, న్యూస్ డిబేట్లు కూడా అంతే, ఆ అరుపులు విని ఇంట్లో నిజంగానే కొట్టుకుంటున్నారని భయపడేవాళ్ళున్నారు. రేడియో అయినా అంతే, తక్కువ సౌండ్‌లోనే అయినా రోజంతా ఊరికే మోగుతూ ఉంటే అయోమయం, చిరాకు పెరుగుతాయి, కాసేపు విని ఆపేయండి.

6. బయటికి వెళ్ళడం

పెద్ద ప్లాన్ వద్దు. మీ కాలనీ పార్కులో పొద్దున ఒక రౌండు, ఒక బెంచీ, అంతే. ఎండాకాలంలో ఏప్రిల్ మే అయితే ఎనిమిదికల్లా ఇంటికి వచ్చేయాలి, దాహం అని వాళ్ళు చెప్పరు, మీరే నీళ్ళు తాగించాలి. నడవలేనివాళ్ళని కార్లో ట్యాంక్‌బండ్ మీదుగా ఒక రౌండు తిప్పి తీసుకొచ్చినా షికారే, ఎక్కడా దిగక్కర్లేదు. రైతుబజార్ మంచి చోటు, కూరగాయ చేత్తో పట్టి చూసి బేరమాడటం మా అత్తమ్మకి ఇప్పటికీ పండగే, కానీ ఆదివారం పొద్దున రద్దీలోకి కాదు, వారం మధ్యలో ఖాళీగా ఉన్నప్పుడు. ఇరానీ హోటల్‌కి అలవాటుపడ్డవాళ్ళని మూల టేబుల్ చూసుకుని కూర్చోబెట్టండి, ఉస్మానియా బిస్కట్ చాయ్‌లో ముంచడం ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, చాయ్ కొంచెం ఆరాక ఇవ్వండి.

కాస్త ఓపిక ఉన్న దశలో సాలార్‌జంగ్ మ్యూజియం ఒకసారి, అన్ని గదులూ తిప్పొద్దు, గంటలు కొట్టే గడియారం ఒక్కటి చాలు, టైమ్ అవ్వబోతుంటే లోపల్నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టి వెళ్తుంది, అది చూసి నవ్వని పెద్దవాళ్ళని నేను చూడలేదు. పన్నెండింటికి ఎక్కువ గంటలు కొడుతుందని జనం కూడా ఎక్కువ ఉంటారు, పదకొండుకి చూసుకోండి. శుక్రవారం సెలవు.

ఎక్కడికి వెళ్ళినా ఇద్దరు వెళ్ళండి. అత్తగారిని కొడుకొక్కడే తీసుకెళ్తే బాత్‌రూమ్ దగ్గర ఏం చేస్తాడు. జేబులోనో మెడలోనో పేరు, మీ ఫోన్ నంబర్ రాసిన కార్డు ఉండాలి, ఆ రోజు వేసుకున్న బట్టలతో బయల్దేరేముందు ఒక ఫోటో తీసుకోండి, తప్పిపోతే వెతికేవాళ్ళకి అదే పనికొస్తుంది.

7. జబ్బు పెరిగేకొద్దీ పని మారదు, తగ్గుతుంది

కొత్త కొత్త యాక్టివిటీలు వెతకక్కర్లేదు, ఉన్నదాన్నే చిన్నది చేసుకుంటూ రండి. మల్లెపూల సంగతి తీసుకోండి. ఇవాళ మాల కట్టగలరు. కొన్నాళ్ళకి ముడి పడదు, అప్పుడు దారం మీరు పట్టుకోండి, పూలు రెండేసి జతచేసి వాళ్ళు అందిస్తారు. ఇంకొన్నాళ్ళకి జత కుదరదు, బుట్టలోంచి ఒక్కో పువ్వు తీసి పళ్ళెంలో వేస్తారు. ఆ తర్వాత దోసిట్లో పోస్తే వాసన చూస్తారు, అంతే, అదీ మల్లెపూల పనే. మంచానికి పరిమితమైనవాళ్ళకి కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి అరచేతులకి రాయడం, వాళ్ళ పాత పట్టుచీర కొంగు చేతికివ్వడం, తలలో పువ్వు పెట్టడం కూడా ఇందులోకే వస్తాయి. కొంతమంది బొమ్మని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుంటారు, వాళ్ళంతట వాళ్ళు తీసుకుంటే తీసుకోనివ్వండి, నవ్వకండి, మీరుగా తెచ్చి అంటగట్టకండి.

వస్తువులు నోట్లో పెట్టుకోవడం మొదలైతే చింతగింజలు, పూసలు, నాణేలు, చిన్న బటన్ బ్యాటరీలు అన్నీ ఆ గదిలోంచి తీసేయాలి, ఇది వాయిదా వేసే పని కాదు. కత్తిపీట, గ్యాస్ స్టవ్, ఫినాయిల్ సీసా అంతకంటే చాలా ముందే అందకుండా పెట్టాలి.

వద్దన్న రోజు వద్దనే. బతిమాలొద్దు, ఒక అరగంట ఆగి వేరే మాటలో అడగండి, అప్పుడూ వద్దంటే వదిలేయండి. ఊరికే వరండాలో కూర్చుని రోడ్డు మీద పోయే బండ్లు చూడటం వాళ్ళకి నచ్చితే అదీ ఒక యాక్టివిటీనే, రోజంతా బిజీగా ఉంచాలని రూలేం లేదు. ఏది కుదిరింది, ఏ టైమ్‌కి, ఎంతసేపు, దేనికి చిరాకు పడ్డారు అనేది మొదట చెప్పిన నోట్‌బుక్‌లోనే రాస్తూ ఉండండి, అటెండర్ మారినప్పుడల్లా కొత్తమ్మాయికి మీరు చెప్పేది ఆ పుస్తకమే. అటెండర్లు మంచివాళ్ళే గానీ పని తొందరగా అయిపోవాలని అన్నీ వాళ్ళే చేసేస్తారు, ఆకు తెంపడం ఆవిడ పని, నువ్వు పక్కన కూర్చోవాలి అని మొదటిరోజే చెప్పండి. మీకు ఊపిరాడకపోతే అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లో చాప్టర్ ఉంది, వాళ్ళని అడగొచ్చు, సీనియర్ సిటిజన్స్ కోసం ఎల్డర్ లైన్ 14567 ఉంది, ఫోన్ చేయడానికి డబ్బులేం పడవు.

ఇక చుట్టాలు. పండక్కి వచ్చి గుమ్మంలోనే "అత్తా, నేనెవరో చెప్పు చూద్దాం" అని మొదలుపెడతారు, ఆవిడ తెల్లమొహం వేస్తుంది, వీళ్ళేమో "అయ్యో పాపం" అని ఆవిడ ముందే అంటారు. బయల్దేరేముందే వాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, రాగానే "నేను ఫలానా, నీ తమ్ముడి కొడుకుని" అని వాళ్ళే చెప్పుకోవాలని. వచ్చి కూర్చోగానే చిక్కుడుకాయల పళ్ళెం మధ్యలో పెట్టి వాళ్ళకి కూడా ఒక గుప్పెడు ఇవ్వండి, చేతిలో పని ఉంటే ప్రశ్నలు వాటంతటవే తగ్గుతాయి.